మనిషిని చూసినాక

మా ఆసుపత్రి పెద్దసిస్టరు పోయిన సంగతి మొదట కుక్కరు చెప్పింది. పామిడిలో ఆమె ఇంట్లో పొద్దున పప్పుకు పెట్టిన కుక్కరు కూస్తూనే ఉందట. పక్కింటామె గోడమీదుగా, "ఏం సిస్టరమ్మా, పప్పు మాడి బొగ్గయితాంది, ఆపమ్మా" అని అరిచింది. జవాబు లేకపోయేసరికి పరుగెత్తుకొచ్చింది. వచ్చి స్టవ్ ఆపలేదు. ముందు మనిషిని చూసింది. పెద్దసిస్టరు గోడకు ఆనుకుని కూర్చుని ఉందట, కుడిచెవి కాస్త ముందుకు వాల్చి, ఏదో వింటున్నట్టు.

పక్కింటామెకు నర్సింగు రాదు. పెద్దసిస్టరు పక్కన ఇన్నేళ్ళు కాపురమున్నాక గోడలకైనా ఆ మాత్రం వస్తుంది.

నేను అంబులెన్సు డ్రైవర్ని. నా మాటల్లో సగం కోసేసి వినాలని మా ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళకు ముందే చెప్పి పెడతారు. మా అనంతపురం కరువు ఎంతటిదంటే, సెలైను సీసాలో చుక్కలు పడుతుంటే చూసి పక్కమంచం ముసలాయన "వాన పట్టుకునింది, శెనక్కాయ ఇత్తనం తీయండ్రా" అని కొడుక్కి ఫోన్ చేశాడని నేనే చెప్పాను. దాంట్లో సగం కోసుకోండి, అడ్డం రాను. పెద్దసిస్టరు గురించి చెప్పేదాంట్లో మాత్రం కోయకండి. ఆమె ఎక్కడున్నా వింటుంది.

ఆమెకు క్షమించడం చేతకాదు. చిన్నప్పుడు ఒక కోడి ఆమె బొటనవేలు పొడిచిందట. అప్పటినుంచి కోడికూర ముట్టలేదు గానీ గుడ్లు వదల్లేదు. "కోడిని తింటే దానికి ఒక్కతూరే నొప్పి. గుడ్డు తింటే దినామూ ఏడుస్తాది" అనేది. పామిడి బస్సులో ఒకప్పుడు ఆమెను సీట్లోంచి లేపిన కండక్టరు, రిటైరయ్యాక మనవడిని ఎత్తుకుని మా ఓపీకి వచ్చాడు. ఖాళీ కుర్చీలు వరసగా ఉన్నా ఆయన్ను నిలబెట్టే మాట్లాడింది. మనవడిని మాత్రం తన కుర్చీలో కూర్చోబెట్టుకుంది.

మనిషి సన్నం. గడియారం చేతికి కట్టదు, రొమ్ముమీద పిన్నుతో గుచ్చుకుంటుంది, రోగిని ముట్టే చేతికి ఏదీ అడ్డముండకూడదని. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడదు. చెవి ఇస్తుంది. ఐసీయూకు కొత్తగా వచ్చిన అమ్మాయిలను ఆమె చేతికి అప్పగించేవాళ్ళు. ఆమె వాళ్ళకు ముందు మిషన్లు చూపించేది కాదు. వరండాలో నిలబెట్టి కళ్ళు మూసుకోమనేది.

"ఏమేమి ఇనపడతాండాయి పాపా?"

"ఫ్యాను మేడమ్."

"ఇంకా?"

"లిఫ్టు."

"ఇంకా?"

"ఇంకేం ల్యా మేడమ్."

"మూలమంచం తాతకు గొంతులో కఫం గరగరమంటాంది. అది నీకు ఇనపడల్యా? ఫ్యాను బాగుండాది, లిఫ్టు బాగుండాది, తాతే బాగలేడు. పో, పోయి తీసి రా."

ఇంకో రోజు ఒక్కొక్కరికీ టెంకాయనీళ్ళు తాగే సన్నగొట్టం ఇచ్చి, ముక్కు పట్టుకుని దానితోనే గాలి పీల్చమనేది. కాసేపటికే వాళ్ళ కళ్ళు బయటికొచ్చేవి. ఒకమ్మాయి గొట్టం తీసేసి, "నా కాడ కాలేదు మేడమ్" అంది.

"నీకు కాలేదు, తీసేస్తివి. మంచంమీద ఉండేటాయప్ప తీసేయగలడా? ఆయప్పకు గొట్టం యాడ మడత పడినా, యాడ ఊడినా, చెప్పేకి నోరుండదు. ఆ అలారమే ఆయప్ప నోరు. అది కూస్తే మీ చెయ్యి ముందు దాన్ని ఆపే మీట మీదికి పోతాది. పోనీకండి. ముందు మనిషిని చూడండి, ముట్టండి, పలకరించండి. ఆనక ఆపండి."

రోగిని నేనే. పాఠం చెప్పడానికి ఛైర్మన్ గారు ఖరీదైన బొమ్మ ఒకటి తెప్పించారు గానీ, దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు, వచ్చిన పెద్దమనుషులకు చూపించడానికి. దానికి పండగలకు బొట్టు కూడా పెట్టేవారు. అందుకని పెద్దసిస్టరు మెట్లు దిగి నా బండి దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఖాళీగా ఉండావా?"

"బండి కడగల్లక్కా."

"బండి యాడికీ పోదు. పైకొచ్చి పండుకో. నీకు కట్లపాము కరిచింది."

"యాడ కరిచిందక్కా?"

"నాలిక మీద. ఇంగ మాట్లాడద్దు."

అట్లా మొదలైంది నా జబ్బు. కిరాయిల మధ్య ఖాళీ దొరికితే చాలు, నాకు గుండె ఆగేది, నెత్తురు పడిపోయేది, జ్వరం మెదడుకెక్కేది. ఊరికే పడుకుంటానా? మూలిగేవాణ్ణి, పెండ్లాన్ని తలచుకుని శాపనార్థాలు పెట్టేవాణ్ణి. "ఎక్కువ సేయద్దప్పా. రోగం చూపించమన్నా, నాటకం కాదు" అని అరికాలు గిల్లేది. ఆ గిల్లుడు కూడా పాఠమే. స్పృహ ఉందో లేదో చూడడం.

ఇక ఆ ఆయుధపూజ.

మడకశిర పక్కనుంచి ఒక గొర్రెలకాపరిని నేనే తెచ్చాను. నిజంగానే కట్లపాము. రెప్పలెత్తలేడు, వేలు కదపలేడు, తనంత తాను ఊపిరి తీయలేడు. చెవులు మాత్రం వింటాయి. గొట్టం వేసి వెంటిలేటర్‌తో ఊపిరి ఆడిస్తే కొన్నాళ్ళకు విషం దిగి లేచి కూర్చునే కేసు. ఆయన భార్య సాకమ్మ ఐసీయూ తలుపు బయట నేలమీద కూర్చుని ఉంది. పండగకని పెద్దసిస్టరు పామిడి పోయింది. లోపల డ్యూటీ గంగరత్నది, ఆమె తయారుచేసిన పిల్లల్లో అందరికంటే చెవి పదునైన పిల్ల.

నేను కింద చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాను. పైన ఐసీయూలో ఛైర్మన్ గారు పూజ చేయిస్తున్నారు. అక్కడ జరిగింది తర్వాత గంగరత్నే పెద్దసిస్టరుకూ నాకూ చెప్పింది. కల్యాణమండపం, పెట్రోలు బంకు అయ్యాక ఆసుపత్రి పెట్టిన మనిషి ఆయన. అన్నిచోట్లా ఒకే పద్ధతి. మిషన్లన్నిటికీ గంధం, కుంకుమ, చామంతుల దండ. గంగరత్న చేతికి హారతి పళ్ళెం ఇచ్చారు. దండ సర్దేటప్పుడు ఎవరి చెయ్యి తగిలిందో, గొర్రెలాయన గొట్టం మిషను దగ్గర ఊడింది. అలారం కూసింది. గంగరత్న కదలబోయింది. "హారతి నడమ పోకూడదు" అని ఛైర్మన్ గారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఇంకో చేత్తో, కుంకుమ అంటిన బొటనవేలితో తానే మీట నొక్కారు. ఆ మిషను అంత తొందరగా ఊరుకునేది కాదు, కాస్త ఆగి మళ్ళీ కూసింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ కూసింది. అప్పుడు ఆయన అన్న మాట:

"ఆ కూత ఆపండే ముందు! అంతలోకే ఎవురూ సావరు!"

అంతలోకే చచ్చిపోయాడు. గంటా మంత్రమూ వింటూ, కళ్ళు తెరవలేక, గాలి అందక. గంగరత్న పళ్ళెం పారేసి చెయ్యి విడిపించుకుని మంచం చేరేసరికి ఆలస్యమైపోయింది.

సాయంత్రానికి మాట మారింది. నర్సు ఫోను మాట్లాడుకుంటూ అలారం తానే ఆపేసిందన్నారు. గదిలో ఉన్న డాక్టరూ, పురోహితుడూ, తక్కినవాళ్ళూ నేల చూపులు చూశారు. గంగరత్నను అప్పటికప్పుడు పంపించేశారు. గేటు దగ్గర సాకమ్మ రెండు చేతులా దుమ్మెత్తి ఆ పిల్ల మొహాన పోసింది. గంగరత్న తుడుచుకోలేదు. అట్లాగే బస్టాండుకు నడిచింది. తర్వాత ఊళ్ళో ఏ ఆసుపత్రీ ఆమెను రానివ్వలేదు. బళ్ళారి పోయి బతికింది.

పెద్దసిస్టరు వచ్చి ఆ మిషను చూసింది. అన్ని మిషన్లకూ బొట్టు నుదుట ఉంది. ఆ ఒక్కదానికి మీట మీద ఉంది, బొటనవేలంత.

రాజీనామా చేస్తుందనుకున్నాను. చేయలేదు. "నేను పోతే ఛైర్మన్ సుఖంగా నిద్రపోతాడప్పా" అంది. ఆమెను ఛైర్మన్ గారూ తీసేయలేదు. తనిఖీకి వచ్చేవాళ్ళు ఐసీయూ నర్సులకు తర్ఫీదు ఎవరిస్తారని అడుగుతారు. ఈ ఎండల ఊరికి ఆ చదువుతో ఇంకెవరు వస్తారు?

మర్నాటి నుంచి ఆమె ఆయనకు నమస్కారం మానేసింది. ఎదురైతే చాలు, చెవి ముందుకు వాల్చి అడిగేది.

"సార్, ఇప్పుడేమన్నా ఇనిపిస్తాందా?"

"లేదమ్మా" అనేవారాయన.

"సరే సార్."

అంతే. వరండాలో, లిఫ్టులో, మంత్రిగారు వచ్చినప్పుడు మంత్రిగారి ముందర, ఆయన కూతురి పెళ్ళిలో అక్షింతలు వేసి మరీ. ఇంకో మాట లేదు. ఆయన లిఫ్టు మానేసి వెనక మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అయినా వెనక మెట్లు ఎక్కేది.

ప్రతి బ్యాచికీ ఒక పాఠం కలిపింది. మేమందరం పూజపాఠం అనేవాళ్ళం. నేను గొర్రెలాయన్ని, బుగ్గకు గొట్టం అంటించుకుని పడుకుంటాను. పెద్దసిస్టరు భుజాన కండువా వేసుకుని ఛైర్మన్ అవుతుంది. ఒకమ్మాయి చేతికి హారతి పళ్ళెం. అలారం కూస్తుంది. పెద్దసిస్టరు అడ్డం నిలబడి కళ్ళురిమి, "ఆ కూత ఆపండే ముందు! అంతలోకే ఎవురూ సావరు!" అంటుంది. అప్పుడా అమ్మాయి, "మనిషిని చూసినాక ఆపుతా సార్" అని చెప్పి, ఆమెను తోసుకుని నా దగ్గరికి రావాలి.

కొత్తపిల్లలు పాపం, వేలితో తట్టేవాళ్ళు.

"ఏంమే, ముగ్గేస్తాండావా? తొయ్యి!"

"పడిపోతారు మేడమ్."

"పడల్లనే! ఆడ మనిషి పోతాండాడు. తొయ్యే గట్టిగా!"

నిజంగానే పడేది. నడుము పట్టుకుని లేచి, "ఇంకొకరు రాండి" అనేది. ఆ సంతోషం నేను ఇంకే మొహంలోనూ చూడలేదు. ఎన్ని బ్యాచులు, ఎందరు పిల్లలు! హిందూపురంలో, ధర్మవరంలో, బెంగళూరులో ఎక్కడ ఐసీయూకు పోయినా ఆ కండువా ఛైర్మన్‌ను ఒకసారి తోసిన పిల్ల ఒకతె ఉండేది.

ఇదంతా చేసినా ఆమె పగ తీరలేదు. గంగరత్న మొహాన ఆ దుమ్ము అట్లాగే ఉంది. అందుకని ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని సాకమ్మ ఊరికి పోయింది. సాకమ్మ గొర్రెలను దొడ్లోకి తోలుతోంది. గంగరత్న పేరెత్తగానే మొహం తిప్పేసుకుంది.

"యాక వస్తిరమ్మా? ఆ పాప గురించి చెప్పేకైతే పోండి."

"నేను చెప్పేకి రాలేదు సాకమ్మా. ఆ పొద్దు నువ్వు ఏం ఇన్నావో అది చెప్పు. చాలు."

సాకమ్మ దొడ్డి తడిక మూసింది. "తలుపు అవతల గంట. మిషను కూత. ఒక మొగ గొంతు. కూత ఆపండే, అంతలోకే ఎవురూ సావరు అనింది. ఎవరిదని అడిగితే ఆసుపత్రోళ్ళు టీవీ అనిరి. ఆ గొంతు నాకు ఇప్పటికీ కల్లోకి వస్తాది. మళ్ళా ఇంటే పట్టిస్తా. అంతదాకా ఆ పాపే నా మొగుణ్ణి సంపింది."

జెండా పండక్కి పెద్దసిస్టరు ఆమెను పిలిపించి, ఛైర్మన్ గారి ఉపన్యాసం వినిపించింది. సాకమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది బెల్లంపాకం గొంతమ్మా. ఆ పొద్దు ఇన్నింది ములుకోల. ఎద్దును పొడిచే మాదిరి. ఇది కాదు."

ఆయనకు నిజంగా రెండు గొంతులు. మైకు ముందు పుస్తకం భాష, కింది మనుషుల మీద కోపమొస్తే ఊరి భాష. పెద్దసిస్టరు కనిపిస్తే ఆ రెండోది గొంతు దాటేది కాదు, భయపడి. "ఆ ములుకోలను బయటికి తీస్తానప్పా, సాకమ్మ ఇనేతట్ల. నేను సచ్చేలోగా తీస్తా" అనేది నాతో. తీయకుండానే, కుక్కరు కూస్తుంటే పోయింది.

సంతాపసభ మా ఆసుపత్రి పై హాల్లోనే పెట్టారు. ఫ్లెక్సీలో ఛైర్మన్ గారి బొమ్మ పెద్దది, ఆమె బొమ్మ చిన్నది. ఆ ఫ్లెక్సీ చూసినప్పుడే నాకు ఉపాయం తట్టింది. ఆమె పాఠాలు చెప్పిన పాత మానిటరును ఆమె పటం పక్కన గుర్తుగా పెడదామన్నాను. ఛైర్మన్ గారు మెచ్చుకున్నారు. రోగిని నేనే గనక దాని పక్కనే కుర్చీ వేసుకుని, వేలికి నాడి అందుకునే క్లిప్పు తగిలించుకుని కూర్చుంటానన్నాను. దానికీ ఒప్పుకున్నారు. ఫోటోలో బాగుంటుందని.

మడకశిర బస్సు దిగిన సాకమ్మను నేనే తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాను. గంగరత్న బళ్ళారి నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. హాలు నిండా పెద్దసిస్టరు పిల్లలే. నా ఉపాయం ఎవరికీ చెప్పలేదు. చెబితే సగం కోసేసి వింటారు.

ఛైర్మన్ గారు బెల్లంపాకం పోశారు. "ఆ మాతృమూర్తి సేవలు చిరస్మరణీయం. ఈ సంస్థ ఆమెకు ఎంతగానో రుణపడి ఉంది. ఆమె ఆత్మశాంతికై అందరం లేచి మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. ఫోటోగ్రాఫరు ముందుకొచ్చాడు. ఛైర్మన్ గారు కళ్ళు మూసుకుని తల వంచారు. మైకు ఆయన నోటి ముందే ఉంది. నేను మెల్లగా వేలు క్లిప్పులోంచి బయటికి తీశాను.

మానిటరు కూసింది.

ఆయన కన్ను ఒకటి తెరుచుకుంది. నావైపు చూసి సైగ చేశారు. నేను చూడలేదు. కుర్చీలో పక్కకు వాలిపోయి కళ్ళు తేలేశాను. ఇన్నేళ్ళ అభ్యాసం ఊరికే పోతుందా? మానిటరు ఇంకా గట్టిగా కూసింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. పక్కనున్న పెద్దమనిషి దగ్గాడు. ఛైర్మన్ గారి మెడ నరాలు లేచాయి. ఓరకంట చూస్తున్నాను కదా, ఆ ములుకోల గొంతులోంచి పైకి రావడం నాకు కనబడింది.

"ఎవరే ఆడ? ఆ కూత ఆపండే ముందు! అంతలోకే ఎవురూ సావరు!"

మైకులోంచి హాలంతా మోగింది.

ఆ మాట ఆ హాల్లో తెలియని పిల్ల లేదు. ఎవరూ చెప్పకుండానే, ఆ మూలనుంచి ఈ మూలదాకా అందరి నోళ్ళూ ఒక్కసారి పలికాయి.

"మనిషిని చూసినాక ఆపుతా సార్!"

అప్పటికే గంగరత్న మెట్లెక్కి వేదికమీద ఉంది. ఛైర్మన్ గారు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టారు. భుజంతో తోసింది. నేను ఈ కథ టీకొట్లలో చెప్పేటప్పుడు ఆయన ఎగిరిపోయి చామంతుల బుట్టలో తలకిందులుగా పడతారు. నిజానికి రెండడుగులు వెనక్కి పోయి గోడ పట్టుకున్నారు. అంతే. నాకు అది చాలు.

గంగరత్న నా భుజం తట్టింది. "అన్నా, అన్నా, ఇనపడతాందా?" ముక్కు దగ్గర చెవి పెట్టింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి నాడి చూసింది. తర్వాత అరికాలు గిల్లింది, అచ్చం ఆమె గిల్లినట్టే. నా పెదవి కదిలింది.

"బాగుండావు లే" అని, అప్పుడు లేచి అలారం ఆపింది.

ఆ నిశ్శబ్దంలో వెనక వరసలోంచి సాకమ్మ గొంతు వినబడింది.

"ఈ గొంతే."

ఆమె నడిచి వస్తుంటే అందరూ దారి ఇచ్చారు. ఛైర్మన్ గారి ఎదుట నిలబడి, వేలు చూపించి, "ఈ గొంతే. టీవీ అనిరి నాకు. మనిషిని పెట్టుకుని టీవీ అనిరి" అంది. ఆయన మైకు పట్టుకుని, "అమ్మా, మీరేదో అపార్థం..." అని మళ్ళీ బెల్లం మొదలుపెట్టారు. ఆమె వినలేదు. గంగరత్న దగ్గరికి వెళ్ళి, కొంగు చేతికి చుట్టుకుని, ఆ పిల్ల నుదురూ చెంపలూ గడ్డమూ తుడవసాగింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు తుడిచింది.

ఛైర్మన్ గారు వెనక తలుపులోంచి జారుకున్నారు. వెనక మెట్లమీద పిల్లలు ముందే వరసగా నిలబడి ఉన్నారట. ఎవరూ ఆయన్ను ముట్టుకోలేదు. గోడకు ఒత్తిగిలి మర్యాదగా దారి ఇస్తూ, ఒక్కొక్కరే అడిగారట, "సార్, ఇప్పుడేమన్నా ఇనిపిస్తాందా?" అని. ఆయన దేనికీ లేదమ్మా అనలేదట. ఇది నేను కళ్ళతో చూడలేదు. కావాలంటే కోసుకోండి.

ఎందుకు చూడలేదంటే, నేను అప్పటికి లిఫ్టులో కిందికి దిగి నా బండిలో కూర్చున్నాను. నా బండి ఆయన కారు ముందర అడ్డంగా ఉంది, పొద్దుటినుంచీ అట్లాగే పెట్టాను. ఆయన వచ్చి కారులో కూర్చున్నారు. నేను సైరన్ వేశాను.

గేటు బయట మనుషులు ఆగి చూశారు. పై కిటికీల్లోంచి పిల్లలు చూశారు. ఆయన కారు అద్దం దించారు. నోరు తెరిచారు. నన్ను చూశారు, పైనున్న కిటికీలను చూశారు.

నోరు మూసుకుని అద్దం ఎత్తుకున్నారు.

నేను ఆపలేదు.